సర్వస్వామ్య సంకలితం: కాటిసీను నుంచి కంప్యూటర్ ఆట దాకా

1

పాత తెలుగు పుస్తకాల ముఖపత్రం వెనుక "సర్వస్వామ్య సంకలితము" అనే మాట అచ్చయి ఉండేది. తరువాతి కాలంలో అది "సర్వహక్కులు గ్రంథకర్తవి" అయింది. మరికొన్ని పుస్తకాల్లో "సర్వహక్కులు ప్రకాశకులవి" అయింది. గ్రంథకర్తకూ ప్రకాశకుడికీ మధ్య హక్కు ఎలా చేతులు మారిందన్నది మన కాపీరైట్ చరిత్రలో ఒక భాగం. రెండో భాగం ఈ మూడు మాటల్లోనూ కనిపించని మనిషిది. అతను రచన చేసినవాడు కాదు, అచ్చు వేసినవాడూ కాదు. ఆ రచనను ఇష్టపడి, కంఠస్థం చేసి, లోటనిపించిన చోట పూరించి, నచ్చిన చోట పొడిగించి, మళ్లీ జనం మధ్యకు తెచ్చినవాడు. చట్టం యజమానినీ అపహర్తనూ మాత్రమే గుర్తిస్తుంది. ఈ మూడో మనిషిని ఏ పేరుతో పిలవాలో దానికి తెలియదు.

ఇతణ్ణి గురించిన చర్చ ఈనాడు సాహిత్యంలో కంటే కంప్యూటర్ ఆటల ప్రపంచంలో తీవ్రంగా నడుస్తున్నది. ఒక సంస్థ తయారుచేసి అమ్మిన ఆటలో ఆడేవాళ్లే కొత్త పాత్రలు, కొత్త వీధులు, కొత్త వాహనాలు, కొత్త కథలు చేర్చుకుంటారు. ఆ మార్పును "మాడ్" అంటారు. జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని చేసే పని అది. ఇది ఎక్కడో అమెరికాలోనో జపాన్‌లోనో జరిగే వింత అనుకుంటే పొరపాటు. "బస్ సిమ్యులేటర్ ఇండోనేసియా" అనే ఆటను ఆ దేశపు సంస్థ ఒకటి 2017లో విడుదల చేసింది. బస్సుకు సొంత రంగులు వేసుకునే వీలు, తరువాత సొంత వాహనాన్నే తయారుచేసి చేర్చుకునే వీలు అందులో కల్పించారు. మన కుర్రవాళ్లు ఆ ఇండోనేసియా రోడ్ల మీదికి మన ఆర్టీసీ బస్సులను తీసుకుపోయారు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సూపర్ లగ్జరీ, వాటి వాటి రంగులతో, తెలుగు బోర్డులతో అక్కడ తిరుగుతున్నాయి. సీతాఫల్‌మండిలో నా తరగతి గదిలో వెనక బెంచీ మీద కూర్చునే పిల్లల ఫోన్లలోనూ ఉన్నాయి.

ఆ బస్సు ఎవరిది? ఆట సంస్థది. రంగులు ఆర్టీసీవి. శ్రమ ఆ కుర్రవాడిది. ఈ మూడింటిలో చట్టం ఏది చూస్తుంది, ఏది చూడదు అన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం. సాహిత్య పత్రికలో దీనికి చోటెందుకని కొందరు అడగవచ్చు. ఈ సమస్య మన సాహిత్య చరిత్రలో తొమ్మిది వందల ఏళ్లుగా ఉంది. దానికి మన పూర్వులు చెప్పుకున్న సమాధానాలూ ఉన్నాయి.

2

నన్నయ 11వ శతాబ్దంలో అరణ్యపర్వం మధ్యలో ఆపేశాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి మొదలుపెట్టాడు. 14వ శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి ఆ ఖాళీని పూరించాడు. ఎఱ్ఱన తన కాలపు రాజుకు కాకుండా, మూడు వందల ఏళ్ల క్రితం చనిపోయిన రాజరాజనరేంద్రుడికే ఆ భాగాన్ని అంకితం చేశాడు. నన్నయ రచనే అన్నట్టుగా, ఆయన శైలిలో ఎత్తుకుని క్రమంగా తిక్కన శైలిలోకి నడిపించాడు. అలా చేశానని తన పేరుతో సహా చెప్పుకున్నాడు కూడా. మూలకర్త గౌరవానికి లోటు రాలేదు, పూరించినవాడి పేరూ మరుగున పడలేదు.

పోతన భాగవతంలో శిథిలమైన భాగాల విషయంలోనూ ఇదే జరిగింది. పంచమ స్కంధం గంగన, షష్ఠ స్కంధం సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలు నారయ రాశారు. ఎవరు రాసింది ఏదో గద్యల్లో స్పష్టంగా ఉంది. వాళ్లు పోతన మీద అభిమానంతో పనిచేశారు, తమ పనిని తమదిగా చెప్పుకున్నారు. ఈనాటి మాటలో చెప్పాలంటే ఇవి అభిమానులు చేసిన చేర్పులే.

దీనికి విరుద్ధమైన సంప్రదాయం కూడా మనకుంది. వేమన మకుటం పెట్టి ఎందరెందరో పద్యాలు కట్టారు. బ్రౌన్ దొర 1829లో అచ్చు వేసిన సంకలనంలో 693 పద్యాలుంటే, 1839 నాటికి అవి 1164 అయ్యాయి. ఇప్పుడు వేమన పేరు మీద చెలామణీలో ఉన్నవి వేలల్లో ఉన్నాయి. వాటిలో వేమనవి ఏవో తేల్చడం పరిశోధకులకు ఈనాటికీ తలనొప్పిగానే ఉంది. ఇక్కడ చేర్చినవాడు తన పేరును వదులుకున్నాడు. అతని త్యాగాన్ని మెచ్చుకోవచ్చు గాని, వేమనకు నష్టమూ జరిగింది. వేమన ఒప్పుకోని భావాలు కూడా వేమన నోట పలికించబడ్డాయి.

ఈ రెండు సంప్రదాయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నీతి తేలుతుంది. ఇతరుల రచనకు చేర్చడం మన సమాజంలో ఎన్నడూ తప్పు కాలేదు. ఎవరిది ఏదో చెప్పకపోవడమే చిక్కులు తెచ్చింది. అయితే దీన్ని ఆదర్శీకరించకూడదు. ఆ కవులకు తిండి పెట్టింది రాజాస్థానం. కావ్యం బజారులో అమ్ముడుపోయే సరుకు కాలేదు కనుక, చేర్పు వల్ల ఎవరి వ్యాపారమూ దెబ్బతినలేదు. అచ్చుయంత్రం, టిక్కెట్టు నాటకం వచ్చాక పరిస్థితి మారింది.

3

బలిజేపల్లి లక్ష్మీకాంతం "సత్య హరిశ్చంద్రీయము" 1912 నాటి నాటకం. ఊరూరా తెల్లవార్లూ ఆడింది. దానిలో కాటిసీను కోసమే జనం కునికిపాట్లు పడుతూ కూడా కూర్చునేవారు. ఆ సీనులో శ్మశానం నడుమ నిలబడి హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో జనం "వన్స్ మోర్" అని కేకలు వేసినవి చాలావరకు బలిజేపల్లివి కావు. గుర్రం జాషువా "శ్మశానవాటి" అనే ఖండికలోవి. నటులు ఆ పద్యాలను తెచ్చి నాటకంలో చేర్చుకున్నారు. డి.వి. సుబ్బారావు వంటి నటుల గొంతులో అవి హరిశ్చంద్ర నాటకానికి ప్రాణమై కూర్చున్నాయి. ఈనాడు వాటిని తీసేసి కాటిసీను ఆడితే జనం ఒప్పుకోరు.

కంప్యూటర్ ఆట ఆడే కుర్రవాడి భాషలో చెబితే ఇది మాడ్. మూలనాటకం ఒకరిది, అతికించిన పద్యాలు ఇంకొకరివి, అతికించినవాడు నటుడు, ఆనందించినవాడు ప్రేక్షకుడు. ఫలితం కళాత్మకంగా గొప్పది. బలిజేపల్లి నాటకానికి జాషువా పద్యం ఒక కొత్త అర్థం ఇచ్చింది. రాజు కాటికాపరి కొలువులో నిలబడిన ఘట్టంలో, కులం పేరిట అవమానాలు పడ్డ కవి రాసిన మాటలు ఆ రాజు నోట వస్తున్నాయి. శ్మశానం ఒక్కటే అందర్నీ సమానం చేసే చోటు అనే భావానికి ఇంతకంటే తగిన గొంతు దొరకదు. ఈ కలయిక ఏ రచయితా ఒంటరిగా ఊహించింది కాదు. అది రంగస్థలం మీద, నటుడి చేతిలో పుట్టింది.

అయితే ఆ పద్యాలకు తలలూపిన ప్రేక్షకుల్లో ఎంతమందికి జాషువా పేరు తెలుసు? అవి బలిజేపల్లివే అనుకున్నవారు నాటి నుంచి నేటి దాకా ఉన్నారు. గుడిలోకి రానివ్వని కులంలో పుట్టిన కవి పద్యం గుడి ముందు పందిట్లో మోగింది, పేరు మాత్రం పందిరి బయట ఉండిపోయింది. నటుణ్ణి దొంగ అనడానికి మనసొప్పదు. కాని ఆ కవికి అన్యాయం జరిగిందని ఒప్పుకోక తప్పదు. చేర్పు ఉండాలి, పేరూ చెప్పాలి అనే ఎఱ్ఱన నీతి టిక్కెట్ల నాటకానికి వచ్చేసరికి సగం చెడింది.

రెండో ఉదాహరణ "చింతామణి". కాళ్లకూరి నారాయణరావు సంఘసంస్కరణ దృష్టి గల రచయిత. వరకట్నం మీద "వరవిక్రయం", తాగుడు మీద "మధుసేవ", వేశ్యాలోలత మీద "చింతామణి" రాశాడు. ఆయన 1927లో చనిపోయాడు. ఆ తరువాత నాటక సమాజాలు చింతామణిని తమ ఇష్టం వచ్చినట్టు మార్చుకున్నాయి. సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ బూతు హాస్యం పెరిగింది. రచయిత ఏ జబ్బుకు మందు రాశాడో, ఆ జబ్బునే చూసి నవ్వుకోవడానికి జనం పోగయ్యే స్థితి వచ్చింది. చివరకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, ఆర్యవైశ్యుల అభ్యంతరాల మీద, ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. చేర్చినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. శిక్ష వందేళ్ల నాటి సంస్కర్త నాటకానికి పడింది.

కనుక మూడో మనిషి చేసేదంతా మంచిదే అని వాదించడం అమాయకత్వం. హరిశ్చంద్రలో అతను రచనను పైకి లేపాడు, చింతామణిలో కిందికి దించాడు. రెండుచోట్లా అతని పేరు లేదు, అతని బాధ్యతా లేదు. గుర్తింపు లేనిచోట బాధ్యత కూడా ఉండదని ఈ రెండు నాటకాలూ మనకు చెబుతున్నాయి.

4

ఇక చట్టం సంగతి. ఇంగ్లండులో 1710 నాటి శాసనంతో గ్రంథస్వామ్యం చట్టమైంది. ముద్రాపకుల గుత్తాధిపత్యాన్ని కొంత తగ్గించి, హక్కు రచయితదని, అదికూడా కొన్నేళ్లకే పరిమితమని అది ప్రకటించింది. ఆ మేరకు అది పురోగామి చర్యే. కాని రచయితకు హక్కు ఇచ్చిన చట్టమే దాన్ని అమ్ముకునే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. ఆకలితో ఉన్నవాడికి అమ్ముకునే స్వేచ్ఛ అంటే ఏమిటో మన కథకులకూ సినిమా రచయితలకూ చెప్పనక్కరలేదు. రచయిత పేరు మీద పుట్టిన హక్కు ప్రచురణకర్త, స్టూడియో, కంపెనీ పెట్టెలోకి చేరింది. భూమి దున్నేవాడి పేరు మీద పట్టా రాసి, తాకట్టులో షావుకారు దగ్గరికి పోయినట్టే ఇదీ.

మన దేశంలో ఈస్టిండియా కంపెనీ కాలంలో 1847లోనే ఒక చట్టం వచ్చింది. తరువాత 1914 చట్టం, స్వాతంత్ర్యం తరువాత 1957 చట్టం. ఇప్పటికీ సవరణలతో నడుస్తున్నది ఈ 1957 చట్టమే. రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1992కు ముందు అది 50 ఏళ్లే. ఆ లెక్కన 1953లో చనిపోయిన బలిజేపల్లి నాటకం 2013 చివరితో అందరిదీ అయింది. 1971లో చనిపోయిన జాషువా పద్యాలకు 2031 చివరి దాకా హక్కు ఉంటుంది. చట్టప్రకారం చూస్తే కాటిసీనులో కొంత భాగం జనానిది, కొంత భాగం ఇంకా యజమానులు గలది.

సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసినది 1984 సవరణ. ఆ సవరణతో కంప్యూటర్ ప్రోగ్రాం కూడా "సాహిత్య రచన" అనే నిర్వచనంలోకి వచ్చింది. చట్టం దృష్టిలో గబ్బిలమూ గేమూ ఒకే గాటన ఉన్నాయి. రచనను మార్చి మరో రూపంలోకి తెచ్చే హక్కు, అంటే అనుసరణ హక్కు, మూలకర్తదే. దానిని ఉల్లంఘిస్తే జరిమానాయే కాదు, మూడేళ్ల దాకా జైలు శిక్ష వేసే వీలుంది. విమర్శకూ సమీక్షకూ సొంత వాడకానికీ కొంత మినహాయింపు ఉంది. 2012 సవరణ ఇంకొకటి చేర్చింది. రచనకు యజమాని వేసిన సాంకేతికమైన తాళాన్ని హక్కుల ఉల్లంఘన కోసం పగలగొట్టడం కూడా నేరమైంది. పద్యానికి తాళం వేయడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఆటకు వేయవచ్చు.

5

ఇప్పుడు ఆటల చరిత్రలోకి వెళ్దాం. అక్కడ కూడా హరిశ్చంద్ర కథే, ఇంకా పెద్ద డబ్బుతో నడిచింది.

1981లో అమెరికాలో, డబ్బులు వేసి ఆడే ఆటపెట్టెల కాలంలో, ఎం.ఐ.టి.లో చదువుకున్న కొందరు కుర్రవాళ్లు జనరల్ కంప్యూటర్ అనే చిన్న సంస్థ పెట్టారు. అటారీ కంపెనీ ఆట "మిస్సైల్ కమాండ్"కు కొత్త హంగులు చేర్చే పరికరం తయారుచేసి అమ్మారు. అటారీ కోటిన్నర డాలర్లకు దావా వేసింది. తరువాత రాజీపడి, ఆ కుర్రవాళ్లనే డబ్బిచ్చి తనకు ఆటలు తయారుచేయడానికి పెట్టుకుంది. వాళ్లు అప్పటికే "ప్యాక్‌మ్యాన్"కు చేసిపెట్టిన మరో మార్పును మిడ్‌వే కంపెనీ కొనుక్కుంది. అదే 1982లో "మిస్ ప్యాక్‌మ్యాన్" పేరుతో వచ్చి విపరీతంగా ఆడింది. నిన్న దొంగ అన్నవాడి పనే నేడు ఉత్పత్తి అయింది.

అదే మిడ్‌వే 1983లో మరొకరి మీద కేసు గెలిచింది. తన ఆట వేగాన్ని పెంచే పరికరం అమ్మడం అనుమతి లేని అనుసరణ అని కోర్టు తేల్చింది. ఒకచోట మార్పును కొని లాభపడిన కంపెనీయే మరోచోట మార్పును నేరమంది. దీనిలో వైరుధ్యం లేదు. మార్పు తన చేతిలో ఉంటే ఆస్తి, ఇంకొకరి చేతిలో ఉంటే అపహరణ. పెట్టుబడి తర్కం ఎప్పుడూ ఇదే.

1993 డిసెంబరులో వచ్చిన "డూమ్" ఆటతో ఒక కొత్త దశ ప్రారంభమైంది. దాన్ని తయారుచేసిన ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు బొమ్మలు, శబ్దాలు, పటాలు వేరే దస్త్రాల్లో పెట్టారు. అసలు ప్రోగ్రాంను ముట్టుకోకుండానే ఆడేవాళ్లు వాటిని మార్చుకోవచ్చు. చేసిన మార్పులు కొన్న ప్రతితోనే నడిచేలా ఉండాలని మాత్రం కోరారు. తలుపు తెరిచి పెట్టడం ఉదారతే. ప్రతి కొత్త మార్పుకూ ఆట మరికొన్ని ప్రతులు అమ్ముడుపోతుందన్న లెక్క కూడా అందులో ఉంది.

ఈ తెరిచిన తలుపు దగ్గరే అసలు తగాదా వచ్చింది. "డ్యూక్ న్యూకెమ్" అనే ఆటతో పాటు కొత్త రంగాలు కట్టుకునే సాధనాన్ని కూడా ఇచ్చారు. అభిమానులు వందలకొద్దీ రంగాలు కట్టి ఉచితంగా పంచుకున్నారు. మైక్రో స్టార్ అనే వ్యాపార సంస్థ వాటిలో 300 రంగాలను ఏరి, ఒక డిస్కులో పెట్టి అమ్మింది. ఆట హక్కుదారు ఫార్మ్‌జెన్‌కూ దానికీ మధ్య తగాదా కోర్టుకెక్కింది. 1998లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. ఆ కొత్త రంగాలు డ్యూక్ అనే నాయకుడి కొత్త సాహసాలను చెబుతున్నాయి, కనుక అవి మూలకథకు కొనసాగింపులు, కొనసాగింపు రాసే హక్కు మూలకర్తదే అని తేల్చింది. మైక్రో స్టార్ ఓడింది.

ఈ తీర్పును మన విద్యార్థులు శ్రద్ధగా చదవాలి. న్యాయమూర్తి ఒక ఆటను కథగా చదివి, కొనసాగింపు అనే సాహిత్య భావనతో తీర్పు చెప్పాడు. అంతకంటే ముఖ్యమైనది, ఆ కోర్టులో లేనివాళ్ల సంగతి. వాది ఒక కంపెనీ, ప్రతివాది ఒక కంపెనీ. ఆ 300 రంగాలు కట్టినవాళ్లు వాదులూ కారు, ప్రతివాదులూ కారు. వాళ్ల శ్రమను ఒకడు డిస్కులో వేసి అమ్ముకున్నాడు, ఇంకొకడు అది తన నాయకుడి కథ అని గెలుచుకున్నాడు. కట్టినవాడికి దక్కిందేమీ లేదు. ఎవరి పని గురించి తగాదా జరిగిందో వాళ్ల పేర్లు ఆ తగాదాలో లెక్కకు రాలేదు.

మరుసటి ఏడాది, 1999లో, మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రవాళ్లు "హాఫ్‌లైఫ్" అనే ఆటను మార్చి "కౌంటర్ స్ట్రైక్" తయారుచేశారు. 2000లో మూల సంస్థ వాల్వ్ దాన్ని కొనుక్కుని, వాళ్లను పనిలో పెట్టుకుంది. విశ్వవిద్యాలయ ఆవరణ చుట్టూ, తార్నాక నుంచి సీతాఫల్‌మండి దాకా ఇంటర్నెట్ సెంటర్లు కిటకిటలాడిన రోజుల్లో గంట లెక్కన డబ్బు కట్టి కుర్రవాళ్లు గుమిగూడి ఆడిన ఆట అదే. అది అభిమానులు చేసిన మార్పుగా పుట్టిందని ఆ ఆడినవాళ్లలో ఎందరికి తెలుసు? కాటిసీను చూసినవాళ్లకు జాషువా పేరు తెలిసినంతే.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. "క్రోనో ట్రిగ్గర్" అనే జపాన్ ఆటకు అభిమానులు ఏళ్ల తరబడి కష్టపడి ఒక కొనసాగింపు కథ తయారుచేశారు. 2009 మేలో, అది వెలువడడానికి కొద్దిరోజుల ముందు, స్క్వేర్ ఎనిక్స్ సంస్థ నుంచి నోటీసు వచ్చింది. కోర్టు దాకా పోయే స్తోమత లేనివాళ్లు పని ఆపేశారు. ఇటువంటి తగాదాల్లో చాలావాటికి తీర్పులుండవు. ఒక ఉత్తరంతోనే ముగిసిపోతాయి.

"వార్‌క్రాఫ్ట్" అనే ఆటలో అభిమానులు ఒకరి తరువాత ఒకరు చేయివేసి "డోటా" అనే కొత్త ఆటను రూపొందించారు. దానిలో ఒకడు మొదలుపెట్టాడు, మరొకడు చేర్చాడు, ఇంకొకడు సరిదిద్దాడు. సరిగ్గా మన జానపద గేయంలాగా. అది కోట్లమంది ఆడే ఆట అయ్యాక, ఆ పేరు కోసం బ్లిజార్డ్, వాల్వ్ అనే రెండు సంస్థలు తగాదాపడి 2012లో రాజీకి వచ్చాయి. 2017లో, ఆ రెండూ కలిసి మరో రెండు సంస్థల మీద వేసిన కేసులో, ఇంతమంది చేతుల్లో పెరిగిన ఆట మీద హక్కు నిజంగా ఎవరిదన్నది జ్యూరీ తేల్చవలసిన ప్రశ్నేనని కోర్టు ఒప్పుకుంది. బ్లిజార్డ్ గుణపాఠం నేర్చుకుంది. 2020 జనవరిలో పాత ఆటను కొత్త రూపంలో విడుదల చేస్తూ ఒక షరతు పెట్టింది. ఇకపై ఆ ఆటలో ఎవరు ఏ కొత్త ఆట కట్టినా అది సంపూర్ణంగా తనదే.

ఇక్కడికి చరిత్ర ఒక మలుపు తిరిగింది. ఇంతకుముందు యజమాని, చేర్చినదాన్ని చూసి ఆపేవాడు, లేదా కొనేవాడు. ఇప్పుడు ఇంకా పుట్టని ఊహను ముందే రాయించుకుంటున్నాడు. పంట వేయకముందే కల్లం తనదని రాయించుకున్న షావుకారును తెలుగు కథలో మనం చాలాసార్లు చూశాం.

6

ఈ వాదానికి రెండు అభ్యంతరాలు వస్తాయి.

మొదటిది: "రచయితకు కాపీరైట్ ఒక్కటే ఆధారం. దాన్ని మీరు బలహీనపరుస్తున్నారు. రేపు మీ కథను ఎవడో మార్చి సినిమా తీసుకుంటే ఊరుకుంటారా?" న్యాయమైన ప్రశ్నే. కాని మన చట్టంలోనే దీనికి ఒక తోవ ఉంది. 57వ సెక్షన్ రచయితకు, హక్కులన్నీ అమ్ముకున్నా పోని రెండు హక్కులిస్తుంది. ఒకటి, రచన తనదని చెప్పుకునే హక్కు. రెండు, తన గౌరవానికి భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవల "ఆప్‌కా బంటీ"ని సినిమాకు ఇచ్చాక, దాన్ని వికృతం చేశారని కోర్టుకెక్కినప్పుడు, 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ హక్కును గట్టిగా సమర్థించింది. ఎఱ్ఱన పాటించిన నీతికి చట్టంలో దగ్గరగా వచ్చేది ఈ సెక్షనే. ఇది మనిషి హక్కు. అమ్మకపు హక్కు వేరు, అది చేతులు మారుతుంది. ఈ రెంటినీ కలిపేసి, రచయిత కష్టాన్ని ముందు పెట్టి కంపెనీ గుత్తాధిపత్యాన్ని సమర్థించే వాదం మోసపూరితమైనది. రచయితను కాపాడాలి అన్న నినాదం ఎవరి నోట వస్తున్నదో, హక్కు పత్రం ఎవరి బీరువాలో ఉందో చూసుకోవాలి.

రెండో అభ్యంతరం: "మార్చేవాడికి స్వేచ్ఛ ఇస్తే చింతామణికి పట్టిన గతి అన్నిటికీ పడుతుంది." దీనికి జవాబు కేరళ నాటకరంగంలో ఉంది. తోప్పిల్ భాసి నాటకం "నింగళెన్నె కమ్యూనిస్టాక్కి", అంటే "మీరు నన్ను కమ్యూనిస్టును చేశారు", 1952లో కె.పి.ఎ.సి. ప్రదర్శించిన ప్రసిద్ధ అభ్యుదయ నాటకం. 1995లో సివిక్ చంద్రన్ దానికి ప్రతినాటకం రాశాడు. "మీరు ఎవరిని కమ్యూనిస్టును చేశారు" అని పేరు పెట్టాడు. మూలంలోని పాత్రలను, సన్నివేశాలను, సంభాషణలను తీసుకుని, ఉద్యమం కోసం ప్రాణాలిచ్చిన దళితులకు, కూలీలకు ఏం దక్కిందని నిలదీశాడు. భాసి వారసులు కాపీరైట్ కేసు వేశారు. 1996లో కేరళ హైకోర్టు మూడు ప్రశ్నలు వేసుకుంది. ఎంత తీసుకున్నాడు? ఎందుకు తీసుకున్నాడు? దానివల్ల మూలనాటకానికి పోటీ వచ్చి దాని గిరాకీ దెబ్బతింటుందా? విమర్శ కోసం తీసుకున్నాడు, మూలాన్ని పక్కకు నెట్టి దాని స్థానంలో అమ్ముకోవడానికి కాదు, కనుక ప్రదర్శనను ఆపనక్కరలేదని తేల్చింది.

ఈ కేసు మన శిబిరానికి కొంత ఇబ్బంది కలిగించేదే. అభ్యుదయ నాటకం యజమాని స్థానంలో నిలబడింది, దాన్ని ప్రశ్నించేవాడు మూడో మనిషి స్థానంలో నిలబడ్డాడు. అయినా తీర్పు మనకు మేలే చేసింది. సివిక్ చంద్రన్ పేరు దాచుకోలేదు. ఎవరి నాటకాన్ని తిరగరాస్తున్నాడో శీర్షికలోనే చెప్పాడు. చింతామణిని చెడగొట్టినవాళ్లకూ ఇతనికీ తేడా ఇక్కడే ఉంది. పేరు పెట్టుకుని చేసిన మార్పుకు సమాధానం చెప్పుకునేవాడు ఉంటాడు. మార్పును నిషేధిస్తే అది ఆగిపోదు, పేరు లేని చీకట్లోకి పోతుంది.

7

మళ్లీ మన ఆర్టీసీ బస్సు దగ్గరికి వద్దాం. ఆ బస్సును తయారుచేసిన కుర్రవాళ్ల లోకంలో చట్టం తెలియకుండానే ఒక న్యాయం ఏర్పడింది. ఎవరి పనో వాళ్ల పేరు చెప్పాలి. ఒకడి పనిని తీసుకుని పేరు చెరిపి తనదిగా పెట్టుకున్నవాణ్ణి మాడ్‌లు చేసేవాళ్లు దొంగగానే చూస్తారు. ఉచితంగా పంచిన దాన్ని అమ్ముకున్నవాడి మీద ఇంకా కోపం. ఏ న్యాయవాదీ వాళ్లకిది నేర్పలేదు. గంగన, సింగన, నారయ పాటించినది కూడా ఇదే. శ్రమ చేసినవాళ్లు తమలో తాము ఏర్పరచుకున్న నియమం కనుక ఇన్ని శతాబ్దాల తేడాలోనూ ఒకేలా ఉంది.

చట్టం ఈ నియమం నుంచి నేర్చుకోవచ్చు. మూలకర్త పేరు చెప్పి, తన పేరూ చెప్పి, అమ్ముకోకుండా చేసిన చేర్పును ఉల్లంఘనగా చూడకూడదు. చేర్పును ఎవరైనా, మూల సంస్థ సహా, వ్యాపారానికి వాడుకుంటే చేర్చినవాడికి పేరూ ప్రతిఫలమూ రెండూ దక్కాలి. మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీకి రాతపూర్వకమైన, సంతకం చేసిన పత్రం ఉండాలి. ఆట మొదలుపెట్టే ముందు పదో తరగతి పిల్లవాడు చదవకుండా నొక్కే "అంగీకరిస్తున్నాను" అనే బొత్తాన్ని అటువంటి సంతకంగా చెలామణీ కానివ్వవచ్చా అన్నది మన న్యాయవాద మిత్రులు పట్టించుకోవలసిన ప్రశ్న.

రచయితలుగా మన పని ఇంకా దగ్గరలో ఉంది. మన ప్రచురణ ఒప్పందాలను మనం చదువుతున్నామా? ఇంకా రాయని రచనల మీద, ఇంకా పుట్టని మాధ్యమాల మీద హక్కులు రాసిచ్చే వాక్యాలు వాటిలో ఉన్నాయా? మన పాటకు ఇంకొకరు కొత్త చరణం కడితే మనం ఎలా స్పందిస్తున్నాం? మన నాటకాన్ని ఒక కాలేజీ బృందం మార్చి ఆడితే పేరు అడుగుతున్నామా, డబ్బు అడుగుతున్నామా, ఆపమంటున్నామా? ఈ ప్రశ్నలకు మనం చెప్పే జవాబుల్లోనే మనం గ్రంథకర్తల పక్షమో ప్రకాశకుల పక్షమో తేలుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక సూచన. హరిశ్చంద్ర నాటకం రంగస్థల ప్రతులు, నటుల చేతిరాత పుస్తకాలు జిల్లాల్లో ఇంకా మిగిలి ఉన్నాయి. ఎవరు ఏ పద్యం చేర్చారో, ఏ ఊళ్లో ఏది తీసేశారో వాటి మార్జిన్లలో ఉంటుంది. ఆ పుస్తకాలు చెదలపాలు కాకముందే ఎవరైనా వాటిని సేకరించి, కాటిసీను ఎన్ని చేతుల మీదుగా తయారైందో రాయాలి. నాటకానికి ఒక యజమానే ఉన్నాడని నమ్మిన మన సాహిత్య చరిత్ర రాయకుండా వదిలేసిన అధ్యాయం అది.